పాత కంప్యూటరు విప్పుతున్నారా? జాగ్రత్త!

అటక మీది పాత కంప్యూటరును దించి, విప్పి, కొత్త భాగాలు వేసి మళ్లీ పనిచేయించాలని చాలామంది యువకులకు ఉత్సాహం. నేర్చుకోవడం మంచిదే. అయితే ప్లగ్గు తీసేశాం గనుక ఇక భయం లేదనుకోవడం ప్రాణాపాయం.

1. దాగి ఉండే కరెంటు: పవర్ సప్లై డబ్బాలోని కెపాసిటర్లు సుమారు 320 వోల్టుల విద్యుత్తును నిలువ చేసుకుంటాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు అందులోనే ఉండవచ్చు. పాతకాలపు లావు రంగుల మానిటరులోని పిక్చర్ ట్యూబుకు 20,000 వోల్టులకు పైగా అందుతుంది. పైగా ట్యూబు లోపల గాలి ఉండదు. పగిలితే గాజుముక్కలు ఎగిరి కళ్లు పోవచ్చు. ఈ రెండింటినీ ఇంట్లో విప్పకండి. పవర్ సప్లై చెడితే డబ్బా మొత్తం మార్పించండి.

2. సీసం: పాత బోర్డుల మీది టంకంలో నూటికి సుమారు 40 పాళ్లు సీసమే. అది చేతులకు అంటి, అన్నంతో పాటు కడుపులోకి చేరుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. టంకం పెట్టేటప్పుడు వచ్చే పొగ ఉబ్బసాన్ని రేపుతుంది. వంటింట్లో ఈ పని చేయకండి. కిటికీలు తెరచి ఉంచండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. రాగి కోసం వైర్లు కాల్చకండి. ఆ పొగ విషం.

3. బిళ్ల బ్యాటరీ: మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాల్చివేయగలదు. పాతబడిన బ్యాటరీ కూడా హాని చేస్తుంది. మింగినట్లు అనుమానం వచ్చినా వాంతి చేయించకండి. బిడ్డ ఏడవకపోయినా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

షాకు కొడితే: ముందు మెయిన్ స్విచ్ ఆపండి. అంతవరకు మనిషిని ముట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ, శ్వాస లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. తేరుకున్నా డాక్టరుకు చూపించండి.

కొత్త ఇల్లు కట్టుకొనేవాడు ఎవరూ పడిపోకుండా మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. ఇంట్లో పిల్లలకు అందకుండా బ్యాటరీని దాచడం, విప్పకూడని డబ్బాను విప్పకుండా వదిలేయడం కూడా అలాంటి పిట్టగోడే. అది ఈరోజే కట్టండి.