ద్వీపములకు పోయిన అతిథులు

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 28:1-10



ఈ నెల పాఠములో ఓడ పగిలి ఒడ్డు చేరిన 276 మంది ప్రయాణికులను చూచుచున్నాము. తుఫాను సంగతి 27వ అధ్యాయములో విస్తారముగా నున్నది. అది మీ అందరికిని తెలిసినదే గనుక దానిని విడిచి, ఒడ్డు మీద జరిగినదానిని మాత్రము నిదానముగా చదువుదము. మెలితే అను ఆ ద్వీపమే నేటి మాల్టా. అచ్చటివారిని మన తెలుగు బైబిలు అనాగరికులు అని పిలిచినది. ఈ మాట విని మనము అడవి మనుష్యులను తలంచుకొనరాదు. గ్రీకులు ఆ మాటను తమ భాష రానివానికి వాడుచుండిరి. అంతకంటె దానిలో నింద లేదు. వారి మాట వీరికి తెలియదు, వీరి మాట వారికి తెలియదు, అంతే.

లూకా ఏమి వ్రాసెనో, ఏ వరుసలో వ్రాసెనో చూడుడి. ఆ ద్వీపవాసుల రంగు ఎట్టిదో, బట్ట ఎట్టిదో, వారు ఏమి తినుచుండిరో ఆయన ఒక్క మాటయు వ్రాయలేదు. వాన కురియుచుండెననియు, చలిగా నుండెననియు, వారు నిప్పు రాజేసి అందరిని చేర్చుకొనిరనియు మొట్టమొదట వ్రాసెను. వానలో తడిసిన కట్టెతో పొయ్యి రాజేయుట యెంత పాటో మన యిండ్లలోని స్త్రీలకు తెలియును. 276 మంది చలి కాచుకొనవలెనన్న ఎన్ని మోపుల పుల్లలు కావలెనో ఆలోచించుడి. ఆ పుల్లలేరుటలో పౌలును చేయి వేసెను. ఆయన బందీ, పైగా అతిథి. కూర్చుండి చలి కాచుకొన్నను ఎవరును తప్పు పట్టరు. అయినను లేచి మోపు కట్టెను. ఆ మోపులోనుండియే సర్పము వచ్చినది.

సర్పము పట్టగానే ఆ జనులు ఈయన నరహంతకుడనుకొనిరి. ఏ హానియు కలుగకపోగా దేవత అనుకొనిరి. కొందరు ప్రసంగీకులు ఈ చోట వారిని నవ్వుల పాలు చేయుదురు. లూకా నవ్వలేదు. జరిగినది చెప్పి ముందుకు పోయెను. తరువాత పొప్లి అనువాడు మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. అతని తండ్రి జ్వరముచేతను రక్తభేదిచేతను పడియుండగా పౌలు ప్రార్థించి స్వస్థపరచెను. మూడు నెలలైన తరువాత బయలుదేరునప్పుడు ఆ ద్వీపవాసులు ప్రయాణమునకు కావలసిన వస్తువులు ఓడలో ఉంచిరి. ఈ పది వచనములలో పౌలు అక్కడ ప్రసంగము చేసెనని గాని, ఇంతమంది బాప్తిస్మము పొందిరని గాని వ్రాయబడలేదు. చేయలేదని నేను అనను. లూకాకు మాత్రము, తాము పొందిన ఉపచారము మొదట చెప్పవలెనని తోచినది.

ఇప్పుడు దూరద్వీపములకు పోయిన మరికొందరి సంగతి చూతము. వారు కూడ తాము చూచినవి వ్రాసిరి. వారి వ్రాతలను లూకా వ్రాతప్రక్కన పెట్టి చదివిన మనకు కొంత తెలియవచ్చును.

దక్షిణ అట్లాంటిక్ సముద్రములో ట్రిస్టన్ డ కున్హా అను ద్వీపము కలదు. మనుష్యులు కాపురమున్న ద్వీపములన్నిటిలో ఇంత ఒంటరిది వేరొకటి లేదందురు. ఆఫ్రికాలోని కేప్‌టౌన్ దానికి సుమారు 1,700 మైళ్లు. దగ్గరి ఊరున్న సెయింట్ హెలీనా ద్వీపము 1,500 మైళ్లు. 1506లో ఒక పోర్చుగీసు నావికుడు దానిని చూచి తన పేరు పెట్టెను. 1816లో ఇంగ్లీషువారు అక్కడ సేనను ఉంచి, మరుసటి యేడు తీసివేసిరి. విలియం గ్లాస్ అను స్కాట్లండు సైనికుడు భార్యాబిడ్డలతో అక్కడనే నిలిచిపోయెను. అతడును తోడివారును, తమలో పెద్ద చిన్న లేదనియు, లాభనష్టములు అందరికిని సమానమనియు కాగితము వ్రాసికొనిరి.

1824లో ఆగస్టస్ అర్ల్ అను చిత్రకారుడు ఒక ఓడలో ఆ త్రోవను వచ్చి, బొమ్మలు గీచుకొందునని తన కుక్కతోను ఒక నావికునితోను ఒడ్డు దిగెను. గాలి లేచినది. ఓడ వీరిని విడిచి పోయెను. మరల వేరొక ఓడ వచ్చి ఎక్కించుకొనునప్పటికి ఎనిమిది నెలలు గడిచినవి. ఈ ఎనిమిది నెలలు అతడు ఊరక కూర్చుండలేదు. గ్లాస్ బిడ్డలకు చదువు చెప్పెను. ఆదివారము ప్రార్థనలు చదివెను. రంగులును కాగితమును ఉన్నంతకాలము బొమ్మలు గీచెను. చూడవచ్చినవాడు ఒక్కదినము ఉండిన బొమ్మ గీచుకొని పోవును; ఎనిమిది నెలలు ఉండిన పుల్లలేరవలసి వచ్చును. అర్ల్ వ్రాసిన పుస్తకము అందుకే చదువదగినది. వారి పొయ్యి దగ్గర కూర్చున్నవాడు వ్రాసినది గదా.

ఆ ద్వీపమువారు ఓడలకొరకు ఎంత కనిపెట్టుకొనియుండిరనిన, 1885 నవంబరులో దూరమున పోవుచున్న ఒక ఓడను చూచి, బేరమాడుకొందుమని 15 మంది మగవారు పడవ వేసికొని పోయి తిరిగి రాలేదు. ఎదిగిన మగవారిలో అధికభాగము ఒక్కదినముననే పోయినది. అంతకు ముందు అక్కడ సేవచేసి వెళ్లిపోయిన డాడ్జ్‌సన్ అను పాదిరిగారు ఆ వార్త విని, మరుసటి సంవత్సరము మరల ఆ ద్వీపమునకు వచ్చెను. మొదటిసారి ఆయన ఎక్కి వచ్చిన ఓడ ఆ ఒడ్డుననే పగిలినది. ఆ సంగతి ఎరిగియుండియు రెండవసారి వచ్చెను. నాకు ఈయన సంగతి చదివినప్పుడెల్ల పొప్లి యింటి జ్ఞాపకము వచ్చును.

స్కాట్లండుకు పడమట సముద్రములో సెయింట్ కిల్డా అను మరియొక ద్వీపముల గుంపు కలదు. అక్కడివారు ఎత్తయిన కొండచరియలకు త్రాళ్లు కట్టుకొని దిగి, సముద్రపక్షులను వాటి గ్రుడ్లను పట్టి తిని బ్రతికిరి. 1697లో మార్టిన్ అనువాడు అక్కడికి పోయి వ్రాసిన పుస్తకములో ఒక విశేషము కలదు: క్రొత్తవారి పడవ వచ్చినప్పుడెల్ల ఊరంతటికిని దగ్గును జలుబును పట్టుకొనునని వారు అతనికి చెప్పిరి. దీనిని విని పట్టణపు పండితులు నవ్విరి. డాక్టర్ జాన్సన్ అంతటి విద్వాంసుడే నమ్మలేదు. పడవకును జలుబుకును ఏమి సంబంధమని వారి ప్రశ్న. నేడు మనకు తెలియును: పడవలో వచ్చినవారి ఊపిరిలోనే ఆ జాడ్యము ఉండెను; తెచ్చినవారికి అది చిన్నది, ఎన్నడును దాని నెరుగని శరీరములకు అది పెద్దది. చదువురాని ద్వీపవాసులు చెప్పినదే నిజమైనది.

19వ శతాబ్దములో పొగ ఓడలు ఆ ద్వీపమునకు వినోదయాత్రికులను తెచ్చుట మొదలుపెట్టినవి. వేసవిలో వారు దిగి, ఒక పూట తిరిగి, గ్రుడ్లును నేత బట్టలును కొని, ఇండ్లలోనికి తొంగిచూచి, చిత్రములు తీసికొని పోవుచుండిరి. ద్వీపవాసులకు కొంత డబ్బు చేతికి వచ్చినది. దానితోపాటు, వింత జంతువులవలె చూడబడుచున్నామను నొప్పియు వచ్చినది. సహోదరులారా, ఈ నొప్పి మనకు క్రొత్తదా? మన పేటలను చూడవచ్చినవారును ఉండిరి. బిడ్డలను వరుసగా నిలువబెట్టి ఫోటోలు తీసికొనిపోయి, మన మురికిని గూర్చి దూరదేశములలో వ్రాసినవారును ఉండిరి. మన అమ్మలు వారికి గ్లాసుతో ఇచ్చిన మజ్జిగను గూర్చి వ్రాసినవారు తక్కువ.

అయితే సెయింట్ కిల్డాకు వచ్చినవారందరును అట్టివారు కారు. ఆ ద్వీపములో పుట్టిన శిశువులలో అనేకులు ఎనిమిది దినములు నిండకమునుపే దవడలు బిగిసి చనిపోవుచుండిరి. ఇది ధనుర్వాతము. తల్లులు దేవుని చిత్తమని ఊరకుండిరి. 1889లో వచ్చిన ఫిడ్డిస్ అను పాదిరిగారు ఊరకుండలేదు. బొడ్డు కోయునప్పుడు పాటించవలసిన శుభ్రతను వైద్యులయొద్ద నేర్చుకొని వచ్చి, పట్టుదలతో దానిని ఆచరింపజేసెను. కొద్ది సంవత్సరములలోనే ఆ చావులు ఆగిపోయినవి. మనలో దేవుని చిత్తమనుచు కాన్పుల సంగతిలో అజాగ్రత్తగా నుండువారు ఇది వినవలెను.

ఇంత జరిగినను ఊరు నిలువలేదు. యౌవనులు వెళ్లిపోయిరి, పని చేయు చేతులు తరిగినవి. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందియు తామే కోరుకొని ప్రభుత్వపు ఓడ ఎక్కిరి. పోవునప్పుడు ప్రతి యింటిలోను ఒక బైబిలును తెరచి ఉంచి, దానియొద్ద కొంచెము ధాన్యము పెట్టి తలుపు వేసిరి.

ట్రిస్టన్ వారి కథ వేరు. 1961 అక్టోబరులో వారి ఊరిప్రక్కనే అగ్నిపర్వతము పగిలినది. 260 మందికి పైగా జనులను ఇంగ్లండుకు చేర్చిరి. అక్కడ ఇండ్లిచ్చిరి, పనులిచ్చిరి, పత్రికలవారు వెంటబడిరి. ఆ చలికాలములో ఊపిరితిత్తుల జాడ్యములచేత కొందరు వృద్ధులు చనిపోయిరి. దీపములు, బండ్లు, అంగళ్లు చూచిన తరువాత వీరు తిరిగి పోవుదురా అని చాలమంది అనుకొనిరి. 1962లో ఓటు వేయగా 148 మంది తిరిగి పోవుదుమనిరి. ఐదుగురు మాత్రము వద్దనిరి. 1963లో పోయి బూడిద తుడుచుకొని మరల ఉర్లగడ్డలు నాటుకొనిరి. నేటికిని వారు అక్కడనే యున్నారు. విమానము దిగు చోటు లేదు. కేప్‌టౌన్ నుండి ఓడలో సుమారు వారము దినముల ప్రయాణము. చూడదలచినవాడు ముందుగా ఆ ద్వీపపు సభవారి అనుమతి పొందవలెను.

అడిగి ఇంటిలోనికి పోవుట అను ఈ మర్యాద మన బంగాళాఖాతములోని ఒక ద్వీపము విషయములో పెద్ద ప్రశ్నగా లేచినది. విశాఖపట్టణమునుండి ఓడలు పోవు అండమాను ద్వీపములలో ఉత్తర సెంటినెల్ అనునది ఒకటి. అక్కడివారు బయటివారిని రానియ్యరు. వారిని క్రూరులని కొట్టివేయుటకు ముందు వారు ఏమి చూచిరో వినుడి. 1880లో పోర్ట్‌మన్ అను ఇంగ్లీషు అధికారి సాయుధులతో దిగి, ఒక ముసలివానిని, ఒక ముసలిదానిని, నలుగురు బిడ్డలను పట్టి పోర్టుబ్లెయిరుకు తీసికొనిపోయెను. వారికి జబ్బు చేసినది. వృద్ధులిద్దరు చనిపోయిరి. బిడ్డలను బహుమానములతో తిరిగి ఒడ్డున దించిరి. ఆ బిడ్డలు తమవారికి ఏ జాడ్యమును అంటించిరో ఎవరెరుగుదురు? ప్రక్క ద్వీపములలోని గ్రేట్ అండమానీయులు 1858లో వేలమంది యుండిరి. 1877లో వచ్చిన తట్టును, ఇతర జాడ్యములును వారిని మ్రింగగా నేడు కొన్ని పదులమంది మిగిలిరి.

ఆ సెంటినెల్ వారే 1991 జనవరిలో ప్రభుత్వమువారి పడవయొద్దకు మోకాలిలోతు నీళ్లలో నడిచివచ్చి కొబ్బరికాయలను అందుకొనిరి. ఆ గుంపులో మధుమాల చట్టోపాధ్యాయ అను స్త్రీయు ఉండెను. తరువాత కొన్ని సంవత్సరములకు ప్రభుత్వమువారు ఆ రాకపోకలను మానిరి. 1956లో చేసిన నిబంధన ప్రకారము అక్కడికి పోవుట నేరము. ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరును సమీపింపరాదు.

2018 నవంబరులో ఒక అమెరికా యౌవనుడు, సువార్త చెప్పవలెనను ఆశతో, జాలరులకు డబ్బిచ్చి రాత్రివేళ అక్కడికి చేరెను. మొదట పోయినప్పుడు ఒక పిల్లవాడు వేసిన బాణము అతని బైబిలుకు తగిలినది. అతడు మరల పోయెను. వారు అతనిని చంపిరి. ఆ దినములలో మన సంఘములోని యౌవనస్థులు నన్ను, అయ్యగారూ, ఆయన హతసాక్షి కాడా అని అడిగిరి. అతని ప్రేమను నేను కొలువలేను, ఆ పని నాది కాదు. కాని అతడు చేసినది సరియని చెప్పలేను. వాక్యము చెప్పుటకు వారి భాష ఒక్క మాటయు అతనికి రాదు. ఒక్క దగ్గుతో ఊరంతయు పడిపోవుననునది సెయింట్ కిల్డావారు మూడు వందల యేండ్ల క్రిందటనే చెప్పిరి. పౌలును ఆ ద్వీపవాసులు వానలోనుండి నిప్పుయొద్దకు పిలిచిరి. ఇతనిని పోవయ్యా అని బాణముతో చెప్పిరి. మన గడపలో నిలిచి వద్దన్నవానియింటిలోనికి మనము పోవుదుమా? శిష్యులను పంపునప్పుడు ప్రభువు, చేర్చుకొననివారి ఊరు విడిచి రమ్మనెను గాని, రాత్రివేళ మరల లోపలికి పొమ్మనలేదు. పాఠము చెప్పు పెద్దలు ఈ ప్రశ్నను సంఘములో దాటవేయక, యౌవనస్థులను మాటలాడనిచ్చి విందురుగాక. ఒకవేళ వారు నాతో ఏకీభవింపకపోవచ్చును.

దేహమును వెదకుటకు పోయిన పోలీసు పడవవారు, తీరమున విల్లులు పట్టి నిలిచినవారిని దూరమునుండి చూచి, పోరాటము పెట్టుకొనక తిరిగివచ్చిరి. ఆ దేహము అక్కడనే యున్నది. అతని కుటుంబమువారు, తమవానిని చంపినవారిని క్షమించితిమనియు, అతనిని పడవలో తీసికొనిపోయి చెరలోనున్న జాలరులను విడిచిపెట్టవలెననియు అందరియెదుట కోరిరి.