ఆటలు తయారుచేసే పిల్లలు: ఒక సైన్సు మాస్టారి అనుభవ పాఠాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. సైన్సు మీద ఇష్టం పెంచడానికి విద్యార్థుల చేత వీడియో గేములు చేయించే ‘నేషనల్ స్టెమ్ వీడియో గేమ్ ఛాలెంజ్’ అమెరికాలో 2010లో మొదలైంది. మన బళ్లలోనూ అలాంటి పోటీ పెట్టాలనుకునే టీచర్లకు నేను చెప్పగలిగినవి ఇవి.

1. ఆటను ఊళ్లోనే వెతకమనండి.
పిల్లలు మొదట కార్ల పందేలే అంటారు. "మీ చేలో ఏం జరుగుతుంది?" అని అడగండి. వేరుశనగ పూత నేల పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగి కాయ కడుతుంది. అప్పుడు నేలలో తడి లేకపోతే ఊడ దిగదు. వాన ఎప్పుడు పడితే ఎన్ని కాయలో నియమంగా రాస్తే ఆట తయారైనట్టే. దానికోసం తాతను అడిగి తెలుసుకున్న సంగతిని బిడ్డ మరిచిపోడు.

2. మొదట కాగితం మీద ఆడించండి.
నియమాలు, పాయింట్లు నోటుబుక్కులో రాయించి చింతగింజలతో ఆడించండి. ఆట కుదిరాకే స్క్రాచ్ తెరవండి. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

3. అంకె దగ్గరే సైన్సు చెప్పండి.
పెనుకొండ కోట మీంచి రాయి పడే ఆట చేయించండి. రాయిని ఒకే వేగంతో దించితే చూడగానే తేడా తెలుస్తుంది. ఎందుకని పిల్లలే అడుగుతారు. నిజమైన రాయి మొదటి సెకనుకు 4.9 మీటర్లు, రెండు సెకన్లకు 19.6 మీటర్లు పడుతుందని అప్పుడు చెప్పండి. ఆటలో గురుత్వ త్వరణం 9.8 తీసి 1.6 పెడితే చంద్రుడి మీద పడినట్టు మెల్లగా దిగుతుంది.

4. మగ్గమున్న ఇంటి పిల్లలను ముందుకు పిలవండి.
జకార్డు అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. కంప్యూటర్‌కు చెప్పేవీ ఇలాంటి అవును, కాదులే. ఫ్రాన్స్‌లో 1804 నాటి ఈ జకార్డు అట్టలను చూసే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం ‘ఎనలిటికల్ ఇంజన్‌’కు చిల్లుల కార్డులు పెట్టాలనుకున్నాడు. "మాకు కంప్యూటర్ రాదు సార్" అనే ధర్మవరం పిల్లకు ఈ సంగతి తప్పక చెప్పండి.

5. బహుమతి హంగులకు కాదు, జవాబుకు ఇవ్వండి.
బొమ్మలు చూసి మార్కులు వేస్తే ఇంట్లో మంచి కంప్యూటర్ ఉన్న బిడ్డే గెలుస్తాడు. ఈ నియమం ఎందుకు పెట్టావు? నిజంగా అలాగే జరుగుతుందా? నీకెలా తెలిసింది? సగం మార్కులు ఈ మూడు ప్రశ్నలకే ఉంచండి.

6. పోటీ అయ్యాక దారి చూపండి.
వేరుశనగ ఆట చేసిన బిడ్డకు నేల తడి కొలిచే పరికరం చేయాలనిపించవచ్చు. దగ్గర్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ పథకం ‘ఇన్‌స్పైర్ మానక్‌’కు ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలిస్తారు. అయితే ఆ ఆలోచనలను ఆన్‌లైన్‌లో పంపాల్సింది బడే. గడువు దాటనివ్వకండి. బిడ్డ తన వంతు చేశాడు, ఇక మిగిలింది మన పని.