పొడిగింపు తేలకముందు ప్రయాణం: ఒక పరిశీలన

వీసా అనే ఒక్క మాటలో మనవాళ్ళు నాలుగైదు సంగతులు ఇమిడ్చేస్తారు. "మావాడి వీసా అయిపోవచ్చిందట", "కంపెనీవాళ్ళు వీసా పొడిగిస్తున్నారట", "వీసా పెండింగులో వుందట, అందుకే చెల్లెలి పెళ్ళికి రాలేదట" – ఇటువంటి మాటలు ఈనాడు పెళ్ళి పందిళ్ళలోనూ, బస్టాండులోనూ కూడా వినబడుతున్నాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన హెచ్-1బి పిటీషన్లలో నూటికి 70కి పైగా భారతదేశంలో పుట్టినవారివే. వారిలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదని మన కాలేజీ పూర్వ విద్యార్థుల జాబితా తిరగేసినా తెలుస్తుంది. కనుక వార్షిక సంచికలో ఈ విషయం మీద నాలుగు మాటలు రాయడం అప్రస్తుతం కాదనుకుంటాను. నేను కామర్సు విద్యార్థులకు వ్యాపార చట్టాలు చెప్పుకునేవాణ్ణి గాని అమెరికాలో ప్రాక్టీసు చేసే వకీలును కాను. నేను చెప్పేది సూత్రం. ఎవరి కాగితాలు వారు తమ వకీలుకు చూపించుకోవలసిందే.

ప్రశ్న ఇది. పని వీసా పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టారు. అది ఇంకా తేలలేదు. ఈలోగా ఆ మనిషి దేశం దాటి ఇంటికి రావచ్చునా? వస్తే తిరిగి వెళ్ళగలడా?

దీనికి "రావచ్చు" అనే ఒక్క మాట జవాబు కాదు. "రాకూడదు" అనేదీ కాదు. ముందుగా వీసా అనే ఆ మూటను విప్పాలి. అందులో మూడు కాగితాలున్నాయి. మొదటిది ఉద్యోగమిచ్చిన కంపెనీ పెట్టిన పిటీషన్‌కు ఆమోదం. ఐ-797 అనే కాగితం. దీన్ని ఇచ్చేది దేశంలోపల వున్న ఇమ్మిగ్రేషన్ శాఖ. రెండోది పాస్‌పోర్టులో అంటించే వీసా స్టాంపు. దీన్ని ఇచ్చేది విదేశాంగశాఖ, అంటే మనకు హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటు. మూడోది ఐ-94. విమానం దిగినప్పుడు సరిహద్దు అధికారి "ఫలానా తేదీ దాకా వుండవచ్చు" అని రాసుకునే నమోదు. మూడు కాగితాలు, మూడు ఆఫీసులు, మూడు తేదీలు. ఒక్కొక్కప్పుడు మూడు తేదీలూ ఒకటే అవుతాయి; చిక్కంతా కానప్పుడే.

హాస్టల్లో వున్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్టాంపు గేటు పాసు వంటిది, ఐ-94 గది కేటాయింపు వంటిది. గదిలో వున్నవాడి గేటు పాసు గడువు తీరిపోయినా అతణ్ణెవరూ గదిలోంచి గెంటరు. కేటాయింపు పొడిగించమని వార్డెనుకు అర్జీ పెట్టి, రశీదు చేతిలో పెట్టుకుని అదే మంచం మీద పడుకోవచ్చు. కాని అదే రశీదు పట్టుకుని బయటికి పోయి తిరిగొస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఒప్పుకోడు. రశీదు వుండటానికి పనికొస్తుంది, రావటానికి పనికిరాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. తక్కినదంతా దీని వివరణ.

హెచ్-1బి ఒక విడతకు మూడేళ్ళు, మొత్తం మీద ఆరేళ్ళు. 1990 నాటి చట్టం ఏర్పరచిన పద్ధతి ఇది. ఆరేళ్ళు దాటాక కూడా, గ్రీన్‌కార్డు వరసలో వున్నవారికి మళ్ళీ మళ్ళీ పొడిగింపులిచ్చే వీలు 2000లో వచ్చిన చట్టం కల్పించింది. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి పోగూడదన్న నియమం వుండటంచేత మనవాళ్ళు ఆ వరసలో ఏళ్ళ తరబడి నిలబడుతున్నారు. అందుచేత మిగతా దేశాలవారికి ఒకటి రెండుసార్లు వచ్చే ఈ ప్రశ్న మనవాళ్ళకు మూడేళ్ళకోసారి వస్తూనే వుంటుంది.

పొడిగింపు పిటీషన్‌ను గడువుకు ఆరు నెలల ముందు నుంచీ దాఖలు చేయవచ్చు. గడువులోగా దాఖలైతే చాలు; ఐ-94 తేదీ దాటిపోయినా అదే కంపెనీలో మరో 240 రోజులు పని చేసుకోనిస్తారు. ఇది దయతో ఇచ్చింది కాదు, నిబంధనల్లో స్పష్టంగా వున్నదే. కాని ఆ 240 రోజులు దేశంలో కాలు పెట్టుకుని వున్నవాడికే. విమానం ఎక్కిన క్షణంలో ఆ సదుపాయం అక్కడే దిగిపోతుంది.

ఇద్దరి సంగతి చెప్తాను. ఇద్దరూ మన కాలేజీవాళ్ళే. పేర్లు అనవసరం.

మొదటివాడు బి.కాం. చదివి, తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్ళినవాడు. తండ్రికి జబ్బు చేసింది. అప్పటికి అతని పొడిగింపు దాఖలై రెండు నెలలు. తెలిసినవాళ్ళందరూ "పెండింగులో వుంటే కదలకూడదు" అన్నారు. గదిలో వున్న మిత్రుడూ అన్నాడు, ఆఫీసులో పక్క కుర్చీవాడూ అన్నాడు. అతను రాలేదు. తమ్ముడు తలకొరివి పెడుతుంటే ఫోనులో చూశాడు. ఏడాది తర్వాత వచ్చినప్పుడు మా యింటికి వచ్చి, మాటల సందర్భంలో ఆ కాగితాల తేదీలు తనే చదివి వినిపించాడు. తండ్రి పోయేనాటికి పాత పిటీషన్‌కు, స్టాంపుకు, ఐ-94కు కూడా ఇంకా గడువుంది. చదువుతూ వుండగానే అతనికి తెలిసిపోయింది. నేనేమీ అనలేదు.

పాత స్టాంపు, పాత పిటీషన్ బతికి వున్నంతకాలం వాటి మీదే వెళ్ళి రావచ్చు. పొడిగింపు దాఖలైననాడు ఆ మనిషి అమెరికాలో వుంటే, తర్వాత వూరికి వచ్చినంత మాత్రాన కంపెనీ పిటీషన్ చచ్చిపోదు. అది కంపెనీ అర్జీ. తన దారిన తాను నడుస్తుంది. తిరిగి వెళ్ళేలోగా కొత్త ఆమోదం వస్తే ఆ కాగితం తెప్పించుకుని చూపించాలి. రాకపోతే పాతది చూపించాలి. "కదలకూడదు" అన్న మాట ఒక రకం వాళ్ళకు నిజం, మరో రకం వాళ్ళకు అబద్ధం. కాని ఆ మాట చెప్పేవాళ్ళు తేదీలడగరు. ఉచిత సలహా ఇచ్చేవాడికి తేదీలతో పనేముంది!

రెండో ఆమె ఎం.సి.ఏ. చేసింది. 2024 వేసవిలో ఒక రాత్రి ఫోను చేసింది.

"సార్, అమ్మకు ఆపరేషన్. నా పొడిగింపు పెండింగులో వుంది. రావచ్చా?"

"నీ ఐ-94 ఏ తేదీ దాకా వుందమ్మా?"

"అది మార్చిలోనే అయిపోయింది సార్. 240 రోజులు పని చేసుకోవచ్చన్నారు."

"చేసుకోవచ్చు, అక్కడ వున్నంతకాలం. స్టాంపు?"

"అదీ మార్చిలోనే సార్."

ఈమె రశీదు మీద బతుకుతున్న మనిషి. బయటికి వస్తే పిటీషన్ ఆమోదం పొంది, దాని మీద కొత్త స్టాంపు పడేదాకా తిరిగి వెళ్ళే దారి లేదు, పనీ చేయలేదు. పిటీషన్ ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పరు. ఇక్కడ నేను సలహా చెప్పింది ఒక్కటే: కంపెనీచేత ప్రీమియం ఫీజు కట్టించమని. అది కడితే 15 పని దినాల్లో శాఖవారు ఏదో ఒకటి తేల్చాలి – ఆమోదమో, తిరస్కారమో, మరిన్ని కాగితాలు తెమ్మనే తాఖీదో. ఇంటి తొందర ఎలా వుందో పై అధికారికి చెప్పి ఒప్పించడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆమోదం పదకొండో పని దినానికి వచ్చింది. ఆపరేషన్ వారం వాయిదా వేయించారు. ఆ కాగితంతో వచ్చి, ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు డ్రాప్‌బాక్సులో ఇచ్చి, స్టాంపు వేయించుకుని అయిదు వారాల్లో తిరిగి వెళ్ళింది.

అదే అమ్మాయి 2025 డిసెంబరులో వచ్చివుంటే కథ వేరుగా నడిచేది. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వారికి ఇంటర్వ్యూ మినహాయింపు తీసివేశారు. అదే నెల 6న, ఎవరి దేశంలోనో లేక తాము నివసించే దేశంలోనో మాత్రమే స్టాంపుకు దరఖాస్తు పెట్టుకోవాలన్నారు; అంతకుముందు మనవాళ్ళు కెనడాకో మెక్సికోకో పోయి వేయించుకొచ్చేవారు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను పరిశీలించడం మొదలుపెట్టారు. దాంతో మనదేశంలోని కాన్సులేట్లలో డిసెంబరుకు ఇచ్చిన ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆ తర్వాతకు కూడా వాయిదా పడ్డాయి. రెండు వారాల సెలవు మీద వచ్చినవాళ్ళు నెలల తరబడి ఇక్కడే చిక్కుబడ్డారు. వీళ్ళలో చాలామందికి పొడిగింపు ఆమోదం చేతిలోనే వుందన్నది గమనించాలి. అంటే పెండింగు తేలినంత మాత్రాన చిక్కు తీరినట్లు కాదు. ఒక ఆఫీసు పని అయ్యాక రెండో ఆఫీసు పని మొదలవుతుంది.

2008కి ముందు మన ప్రాంతంవాళ్ళు స్టాంపుకోసం మద్రాసు పోవలసివచ్చేది. ఆ ఏడు బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. దూరం తగ్గింది గాని వాయిదాలు తగ్గలేదు. అమెరికాలో వుండగానే పాస్‌పోర్టు పంపించి స్టాంపు వేయించుకునే పద్ధతి 2004 దాకా వుండేది. వేలిముద్రల నిబంధన రావడంతో పోయింది. 2024 మొదట్లో 20,000 మందికి పరిమితం చేసి ప్రయోగంగా ఒకసారి జరిపారు.

ఇక చదువుకుంటున్న మీబోటివాళ్ళకు సంబంధించిన సంగతి. విద్యార్థి వీసా మీద అక్కడ వుండి, లాటరీలో పేరు వచ్చి, ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మార్చమని కంపెనీ దరఖాస్తు పెట్టినవాళ్ళది పొడిగింపు కాదు, స్టేటస్ మార్పు. పై రెండు కథలతో దీన్ని కలపగూడదు. మార్పు తేలకముందు దేశం దాటితే ఆ మార్పు అర్జీని వదులుకున్నట్లే లెక్క. పిటీషన్ మిగలవచ్చు, కాని కాన్సులేటు ద్వారా స్టాంపు వేయించుకుని రావలసివుంటుంది. పూర్వం ఇది ఖర్చు, శ్రమ మాత్రమే. 2025 సెప్టెంబరు 21న అమలులోకి వచ్చి, పన్నెండు నెలల గడువుతో వెలువడిన ప్రకటన ప్రకారం దేశం బయట వున్నవారి కోసం పెట్టే కొత్త పిటీషన్లకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అక్కడ వుండి పెట్టుకునే పొడిగింపులకు, మార్పులకు అది వర్తించదని అక్టోబరు 20న వివరణ ఇచ్చారు. కాని ఆ వివరణలోనే ఒక మెలిక వుంది: మార్పుకు గాని పొడిగింపుకు గాని అర్హత లేదని తేలితే ఆ లక్షా కట్టాలి, మార్పు తేలకుండా దేశం దాటడం అందుకు ఒక ఉదాహరణ. ఒక్క విమానం టిక్కెట్టు లక్ష డాలర్ల ప్రశ్న కావచ్చునన్నమాట.

కెనడా వైపు నుంచి నయాగరా చూసి వద్దామనే సరదా చాలామందికి వుంటుంది. స్టాంపు తేదీ దాటినా, ముప్పై రోజుల్లోపు కెనడాకో మెక్సికోకో పోయి రావడానికి ఒక పాత మినహాయింపు వుంది. అయితే దానికి ఐ-94 గడువు మిగిలి వుండాలి. రశీదు మీద వున్నవాడికి అది పనికిరాదు. అతనికి ఇవతలి ఒడ్డు జలపాతమే జలపాతం.

తిరిగి వెళ్ళినవాళ్ళు చేయవలసిన చిన్న పని ఒకటుంది. పూర్వం ఐ-94 తెల్లకార్డుగా పాస్‌పోర్టుకు పిన్ను చేసేవారు; 2013 నుంచి విమానాశ్రయాల్లో అది కంప్యూటరులోనే వుంటోంది. కంటికి కనబడదు గనుక చూసుకోరు. కొత్త ఆమోదం వచ్చాక కూడా పొరపాటున పాత కాగితం చూపిస్తే అధికారి పాత తేదీయే వేస్తాడు, మామూలుగా చివర వేసిన తేదీయే చెల్లుతుంది. పాస్‌పోర్టు గడువు ముందే తీరేలా వుంటే ఆ తేదీకే కుదించేస్తాడు. మూడేళ్ళ ఆమోదం చేతిలో పెట్టుకుని, ఎనిమిది నెలలకే గడువు తీరిపోయిందని తెలియక పని చేస్తూ పోయేవాళ్ళు ఇలాగే తయారవుతారు. దిగిన రోజునే సరిహద్దు శాఖవారి వెబ్‌సైటులో చూసుకుని అచ్చు తీసి వుంచుకోవాలి. ఆమోదం తేదీతో సరిపోకపోతే వెంటనే వకీలుకు చెప్పాలి.

మరొక్క మాట. దేశం బయట గడిపిన ప్రతి పూర్తి రోజునూ ఆ ఆరేళ్ళ లెక్కలోంచి తీసివేయించుకునే హక్కు వుంది. తల్లి మంచం పక్కన కూర్చున్న నలభై రోజులు, కాన్సులేటు పిలుపు కోసం చూసిన మూడు నెలలు కూడా అందులోకి వస్తాయి. రుజువు మాత్రం మనమే చూపాలి. పాస్‌పోర్టు ముద్రలతోపాటు బోర్డింగు పాసులు కూడా దాచిపెట్టండి.