అడ్వకేట్ జనరల్ ఆఫీసుకు రాజోలు పుంతలోంచే దారి

రాజోలు దగ్గర ఒక ఊళ్లో పుంతను, అంటే బండ్ల బాటను ఆనుకుని ఉన్న ప్రహరీని ఆక్రమణ అంటూ రెవెన్యూవాళ్లు కూల్చేశారనుకోండి. ముందు నోటీసు ఇవ్వలేదంటూ ఆ ఇంటాయన అమరావతిలో హైకోర్టుకెళ్లి రిట్ వేస్తాడు. ఆ కాగితాల కాపీ జీపీ ఆఫీసుకు, అంటే గవర్నమెంటు ప్లీడరుకు అందుతుంది. అక్కణ్నుంచి తహసీల్దారుకు కబురొస్తుంది, పేరావారీగా రిమార్కులు పంపమని. పిటిషన్‌లో ఏ పేరా ఏమంటుందో చూసి, ప్రతిదానికీ రికార్డు పట్టుకుని జవాబు రాయాలి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చారా? ఇస్తే అందుకున్నట్టు సంతకం ఏది? ఆ ఒక్క కాగితం ఫైల్లో లేకపోతే ఎంత పెద్ద లాయరు లేచి నిలబడినా లాభం లేదు.

ఈ ప్రభుత్వ లాయర్ల వ్యవస్థకు పెద్ద అడ్వకేట్ జనరల్, అంటే ఏజీ. రాజ్యాంగం 165వ అధికరణం కింద, హైకోర్టు జడ్జి కావడానికి అర్హత ఉన్నవారిని గవర్నర్ నియమిస్తారు. శాసనసభలో మాట్లాడే హక్కుంది, ఓటు లేదు. కోర్టు ధిక్కార నేరం (క్రిమినల్ కంటెంప్ట్) కింద మామూలు పౌరుడు హైకోర్టుకెళ్లాలంటే ఆయన రాతపూర్వక సమ్మతి కావాలి.

మద్రాసులో ఈ పదవి ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది. నెల్లూరు జిల్లా పూడూరులో ఒక పూజారిగారింట పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 వరకు అందులో ఉన్నారు. ఆ తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యులయ్యారు. తాను పదిహేనేళ్లు చేసిన ఉద్యోగానికి రాజ్యాంగంలో చోటు కల్పించిన కమిటీ అది! 1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. హైకోర్టు 1954లో గుంటూరులో, 1956లో హైదరాబాదులో, 2019 నుంచి అమరావతిలో.

ఏజీ, జీపీ పదవులు పరీక్ష రాస్తే వచ్చేవి కావు, ప్రాక్టీసులో తెచ్చుకున్న పేరును బట్టి ప్రభుత్వం పిలుస్తుంది. పరీక్షతో దొరికేది ఏపీపీ, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగం. మన రాష్ట్రంలో పోలీసు నియామక మండలే ఆ నోటిఫికేషన్ ఇస్తుంది. దానికి లాసెట్ రాసి ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు లా చదవాలి. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి, ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి, ఆపైన మూడేళ్ల ప్రాక్టీసు చూపాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకూ మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ మూడేళ్లు రాజోలు కోర్టులోనే ఒక మంచి సీనియర్ దగ్గర గడపమంటాను. అడంగల్ (సాగు రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చదవడం, రైతు తెలుగులో చెప్పిన గోడును ఇంగ్లిషు అఫిడవిట్‌లో పెట్టడం అక్కడ వచ్చినంత బాగా ఏ కోచింగ్‌లోనూ రాదు. పిల్లల్ని ముందే కోచింగ్‌కు హైదరాబాదు పంపేసే తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతున్నాను. సెలవుల్లో ఒకరోజు వెళ్లి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి. విచారణ ఎవరైనా చూడవచ్చు. బోనెక్కిన సాక్షి భయంతో తడబడుతుంటే ఏపీపీ ఏ మాటతో మొదలుపెడతారో గమనించండి.