ప్రవక్తల సమాధులు, మన పూలదండలు



ఏటా ఏప్రిల్ 14వ తేదీ వచ్చిందంటే మన కె.కోటపాడు చుట్టుపక్కల డాక్టర్ అంబేద్కర్ గారి విగ్రహాలకు పూలదండలు పడతాయి. చోడవరం, అనకాపల్లి, విశాఖ కాలేజీలకు బస్సెక్కి వెళ్ళే మన విచారణ పిల్లలు ఆనాడు సభలలో మాట్లాడతారు, వ్యాసరచన పోటీలలో బహుమతులు తెచ్చుకుంటారు. చాలా మంచిది. ఈ వారం మన పాఠం ఆ పూలదండ గురించే.

మత్తయి సువార్త 23వ అధ్యాయం, 29 నుండి 31 వరకు వచనాలు తెరచి చదవండి. ధర్మశాస్త్ర బోధకులను, పరిసయ్యులను ప్రభువు గద్దిస్తున్నారు. వారు ప్రవక్తలకు సమాధులు కడతారు, నీతిమంతుల గోరీలను అలంకరిస్తారు. తమ తండ్రుల కాలంలో తాముంటే ఆ హత్యలలో చేయి కలిపేవారం కామని కూడా అంటారు. ఆ మాటతోనే తాము హంతకుల సంతతి అని ఒప్పుకుంటున్నారని ప్రభువు తేల్చి చెబుతారు. సమాధి కట్టడమే తప్పని ఆయన అనలేదు. చనిపోయిన ప్రవక్తను పొగడటం సులువు, అతడు చెప్పిన మాట వినడం కష్టం, ఆ రెండింటి మధ్య దూరాన్ని ఆయన ఎత్తి చూపారు.

గురువిద్యార్థిగా తత్త్వశాస్త్రం చదువుకున్న రోజులలో పునీత తోమాసు అక్వినాసు గారి బోధ ఒకటి నా మనసులో నాటుకుంది. ఒకరిలోని శ్రేష్ఠతకు సాక్ష్యం పలకడమే గౌరవమట. సాక్ష్యం అన్నాక అది నిజమైనా కావాలి, అబద్ధమైనా కావాలి. కనుక దండ వేసిన ప్రతివారినీ, నీ సాక్ష్యం నిజమేనా అని అడగవచ్చు.

విశ్వవిద్యాలయాలు అంబేద్కర్ గారిని ఎలా గౌరవించాయో చూద్దాం. తాను చదువుకున్న అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 1952 జూన్ 5న ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మరుసటి సంవత్సరం జనవరి 12న మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం అదే గౌరవం చేసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. భారతదేశంలో అటువంటిది అదే మొదటిది. ఇంటర్ చదవని వారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. కూలిపని చేసుకునేవారు, పెళ్ళై చదువు ఆగిపోయిన ఆడపడుచులు ఆ దారిన పట్టభద్రులయ్యారు. 1991లో, అంబేద్కర్ గారి శతజయంతి సందర్భంలో, దానికి ఆయన పేరు పెట్టారు. బడి గుమ్మం దగ్గర ఆగిపోయిన వారికి తలుపు తెరచిన సంస్థకు ఆయన పేరు కంటే తగిన పేరు మరేముంటుంది? 2008లో మన పక్కనే శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే.

అన్నిచోట్లా ఇంత సజావుగా జరగలేదు. మహారాష్ట్రలో మరఠ్వాడా విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని 1978లో శాసనసభ తీర్మానించగానే దళితుల ఇళ్ళు తగులబెట్టారు, ప్రాణాలు తీశారు. ఆ పేరు చేరేసరికి 1994 జనవరి 14 వచ్చింది. పదహారేళ్ళు! బోర్డు మీద ఒక్క పేరు రాయడానికి అంత మంటా అని అనిపిస్తుంది. పేరు పెడితే సాక్ష్యం పలికినట్టేనని వ్యతిరేకించిన వారికి బాగా తెలుసు కాబోలు.

కొలంబియాలో అంబేద్కర్ గారి ప్రతిమ ఉంది. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది వేరొకటి. ఆయన తన అనుభవాలు రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న రచనను అక్కడ విద్యార్థులకు పాఠంగా చదివించారు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవడం, ప్యూను వచ్చి నీళ్ళు పోస్తే తప్ప దాహం తీరకపోవడం అందులో ఉన్నాయి. మనం, కథోలిక కుటుంబాలం, ప్రత్యేకంగా చదవవలసిన ఘట్టం ఒకటి ఉంది.

1917లో పెద్ద చదువు చదివి వచ్చిన అంబేద్కర్ గారు బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్ళారు. ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో చేరారు. సంగతి తెలిసి కొందరు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అప్పుడు ఆయనకు ఇద్దరు స్నేహితులు గుర్తుకు వచ్చారు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. నిన్ను ఇంట్లో ఉంచుకుంటే పనివాళ్ళు వెళ్ళిపోతారని మొదటివారు అన్నారు. క్రైస్తవ మిత్రుడు మాత్రం కాదనలేదు. తన భార్య మరునాడు వస్తుందని, ఆమెను అడగాలని అన్నారు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుండి వచ్చినవారు. జ్ఞానస్నానం తర్వాత భర్త మనసు విశాలమైంది కానీ భార్య పాత ఆచారం వదలలేదని, ఆమె ఒప్పుకొని ఉండేది కాదని అంబేద్కర్ గారికి తరువాత తెలిసింది. ఆనాడు ఆయన ఉద్యానవనంలో కూర్చుని, రైలు వేళ వరకు కన్నీళ్ళతో గడిపి, బొంబాయి వెళ్ళిపోయారు.

క్రీస్తునందు జ్ఞానస్నానం పొందినవారిలో యూదుడని గ్రీసు దేశస్థుడని, బానిసని స్వతంత్రుడని తేడా లేదని పునీత పౌలు గారు గలతీయులకు రాశారు (3:28). ఆ ఇల్లాలు ఈ మాట వినే ఉంటుంది. మనమూ వింటూనే ఉన్నాము.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం వేరొక విచారణలో ఇళ్ళ ఆశీర్వాదానికి తిరుగుతూ ఒక వీధిలో కూర్చుని కాఫీ తాగాను. పక్క పేటలో వాకిట నిలబడి ప్రార్థన చెప్పి, పవిత్రజలం చల్లి, ఆలస్యమవుతోందని కదిలాను. ఒక ముసలమ్మ అడిగింది: “మా ఇంట టీ తాగరేటి, ఫాదరుగోరూ?” నిజానికి నాకు తొందరే. కానీ మొదటి వీధిలో ఆ తొందర ఎందుకు లేదు? ఆ ప్రశ్నకు నా తత్త్వశాస్త్రంలో జవాబు దొరకలేదు. వెనక్కు వెళ్ళి టీ తాగాను. ఆమె అడగకపోతే వెళ్ళేవాడిని కాను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనవారిని చేర్చలేదు. ఇది అన్యాయమని శ్రీసభ గట్టిగా అడుగుతోంది, అడగాలి. అయితే భారత కథోలిక పీఠాధిపతులు 2016 డిసెంబరులో దళితుల అభ్యున్నతికి విధాన పత్రం విడుదల చేస్తూ, కులవివక్ష శ్రీసభ లోపల కూడా ఉందని ఒప్పుకున్నారు. 2003లోనే జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు తమిళనాడు పీఠాధిపతులతో ఈ మాటే కటువుగా చెప్పారు. 2022 ఆగస్టు 27న మన తెలుగువారైన హైదరాబాదు అగ్రపీఠాధిపతి ఆంతోని పూల గారు దళితులలో మొట్టమొదటి కార్డినల్ అయ్యారు. అందరం సంతోషించాము. దండలు వేసినవారిలో ఎంతమంది సంబంధం కుదిర్చేటప్పుడు ముందు కులం అడగరు? పండుగ విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? శ్మశానంలో ఎవరి సమాధులు ఎటువైపున ఉన్నాయి? పునీత యాకోబు గారు తన లేఖ 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం తొడిగినవాడికి ఒక చోటు, మాసిన బట్టలవాడికి మరొక చోటు చూపే సంఘం గురించి రాశారు. అది దేవాలయం లోపలి సంగతే.

ఈ వారం సాయంకాల ప్రార్థన అయ్యాక ఆ రెండు బైబులు పాఠాలు ఇంటిల్లిపాదీ చదవండి. పిల్లలకు బరోడా సంగతి చెప్పండి. ఆ క్రైస్తవుని భార్య మరునాడు వచ్చాక ఏమన్నదని వారు తప్పక అడుగుతారు. అంబేద్కర్ గారు ఆగలేదు కనుక ఆమెను ఎవరూ అడగలేదని చెప్పి, అదే ప్రశ్న మన ఇంట్లో వేస్తే ఎవరెవరు ఏమంటారో ఒక్కొక్కరిని చెప్పనివ్వండి. పెద్దవారు చివర చెప్పండి.