డిప్యూటీ షెరిఫ్ కాగోరు మేనకోడలికి



నీ యుత్తరము చేరినది. డిప్యూటీ షెరిఫ్ కావలెనని నీవు నిశ్చయించుకొన్న సంగతియు, అందులకు మీ నాన్నగారు మనసు కష్టపెట్టుకొన్న సంగతియు తెలిసినవి. మన తెలుగువారి పిల్లలలో కంప్యూటరు చదువునో వైద్యమునో విడిచి ఈ త్రోవ త్రొక్కువారు అరుదగుటచే బావగారి కలవరము సహజమే. ఆయనకు నేను వేఱుగ వ్రాయుదును. కౌంటీ న్యాయస్థానమున గుమాస్తాగ నున్న కాలమున నిత్యము డిప్యూటీలతో మెలగినవాడను గనుక, కాలిఫోర్నియాలో ఈ కొలువునకు ఎవరు అర్హులో, వారిని ఏ రీతిగ వడపోయుదురో, అంతకంటె ముఖ్యముగ ఆ వడపోత దేనికొఱకో నీకు విశదముగ చెప్పదలచితిని.

ముందుగ ఈ కొలువు స్వరూపము తెలిసికొనుము. నగరపు పోలీసు చీఫ్ సాధారణముగ నియామకమువలన వచ్చినవాడు. షెరిఫ్ ప్రజల యోట్లవలన వచ్చినవాడు. ప్రతి కౌంటీకిని ఎన్నికైన షెరిఫ్ ఉండవలెనని రాష్ట్ర రాజ్యాంగమే విధించుచున్నది. ఈ యెన్నికను అధ్యక్ష ఎన్నికల సంవత్సరమునకు జరిపిన చట్టము మూలమున, 2022లో ఎన్నికైన పలువురికి తరువాతి యెన్నిక 2028లో నిర్ణయమైనది. ఆ షెరిఫ్ తరఫున కౌంటీ జైలును నడుపుట, న్యాయస్థానములకు రక్షణ నిచ్చుట, కోర్టు ఉత్తరువులను అమలుపఱచుట, ఏ నగరమునకును చేరని ప్రాంతములలో గస్తీ తిరుగుట డిప్యూటీల పనులు. సొంత పోలీసులు లేని నగరములు కొన్ని కౌంటీతో ఒడంబడిక చేసికొని షెరిఫ్ సేవనే పొందుచున్నవి. మనవా రెందఱో కాపురమున్న కూపర్టీనోలో శాంటాక్లారా కౌంటీ డిప్యూటీలును, డబ్లిన్‌లో ఆలమీడా కౌంటీ డిప్యూటీలును తిరుగుట అందుచేతనే. ఇంటి ముందు ఆగిన వారి వాహనమును చూచి మనవారు వట్టి పోలీసులనియే అనుకొందురు.

చట్టము విధించిన కనీసార్హతలు క్లుప్తముగ చెప్పిన చాలును. 2022 నుండి, నియామకము నాటికి 21 ఏండ్లు నిండియుండవలెను. హైస్కూలు పట్టా గాని దానికి సమానమైన పరీక్షయందు ఉత్తీర్ణత గాని అవసరము. పూర్వము పౌరసత్వ నియమము ఉండెను. 2023 నుండి ఫెడరల్ చట్టము ననుసరించి ఈ దేశమున పనిచేయ హక్కు గలవారైన చాలును. నీవు ఇచటనే పుట్టినదానవు గనుక ఆ చింత నీకు లేదు. ఫెలనీ యనబడు ఘోరనేరము ఋజువైనవారికి ఈ ద్వారము మూసియుండును. వ్రేలిముద్రలు రాష్ట్రపు దస్త్రములతోను, జాతీయ దస్త్రములతోను సరిచూతురు.

వ్రాతపరీక్షను చూచి భయపడవలదు గాని, చులకనగ చూడను వలదు. అది న్యాయశాస్త్ర పరీక్ష కాదు, భాషాపరీక్ష. స్పష్టమైన వాక్యమేదో గుర్తించుట, వర్ణక్రమము, చదివినదానిని గ్రహించుట అందులోని భాగములు. చివర ఒక గద్యభాగ మిచ్చి నడుమ నడుమ మాటలు తొలగించి, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గీత చొప్పున ఉంచుదురు. అర్థమునకును గీతల లెక్కకును సరిపడు మాటను నీవు పూరింపవలెను. డిప్యూటీ వ్రాసిన నివేదికలో ఒక వాక్యము అస్పష్టమగుటచే న్యాయవాదులు గంటలకొలది తర్కించుట నేను కన్నులార చూచితిని. నిరపరాధి జైలులో నుండుటయు, అపరాధి బయటపడుటయు ఆ యొక్క వాక్యముపై ఆధారపడవచ్చును. కాన రోజుకొక పుటయైన శ్రద్ధగ వ్రాయుట ఇప్పటినుండియే అలవఱచుకొనుము.

దేహపరీక్షలో ఐదు అంశములుండును: 99 గజముల అడ్డంకుల దారిలో పరుగు, 165 పౌనుల బరువుగల మనిషిబొమ్మను 32 అడుగులు ఈడ్చుట, ఆరడుగుల ఇనుపవల కంచెను దాటుట, ఆరడుగుల నిండుగోడను దాటుట, కడపట 500 గజముల పరుగు. శిక్షణాలయమున ఇవి తప్పవు. పలు కౌంటీలు వీనివంటివి ప్రవేశమునకు ముందే పెట్టుచున్నవి. నీవు సన్నని పిల్లవు గనుక గోడయు బొమ్మయు నిన్ను బాధించును. గోడ నెక్కుటకు చేతుల బలమునే నమ్ముకొన్నవారు తఱచు జాఱిపడుదురు. పరుగు వేగము తగ్గకుండ వచ్చి, అంచును రెండు చేతుల పట్టిన క్షణముననే పాదమును గోడకు గట్టిగ అదిమి పైకి తన్నుకొనవలెను. బొమ్మను చంకల క్రింద చేతులు వేసి యెత్తి, వెన్ను నిటారుగ నుంచి, వెనుకకు అడుగులు వేయుచు ఈడ్వవలెను. బరువు మోయవలసినది తొడలు, నడుము కాదు. ఒక యేడాది సాధన చేసిన నీకిది అసాధ్యము కానేరదు.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఎక్కువమంది రాలిపోవునది గోడకడ కాదు, పూర్వచరిత్ర విచారణకడ. అభ్యర్థిచేత ఒక దీర్ఘమైన వ్యక్తిగత చరిత్రపత్రము పూర్తి చేయింతురు: నివసించిన యిండ్లు, చదివిన బడులు, చేసిన కొలువులు, విడిచిన కారణములు, బంధువులు, స్నేహితులు, అప్పులు, వాహనము నడుపుటలో పొందిన జరిమానాలు, మాదకద్రవ్యముల సంగతి, పోలీసులతో పడిన ఏ చిన్న పనియైనను అందులో చూపవలెను. పిమ్మట విచారణాధికారి ఇరుగుపొరుగులను, పాత యజమానులను, గురువులను కలిసి అడుగును. సామాజిక మాధ్యమములలో నీవు వ్రాసినదియు చదువును. మన పల్లెలలో పెండ్లిసంబంధము వచ్చినపుడు పెద్దలు వరుని యూరికి చెప్పకుండ పోయి, చెఱువుగట్టున నలుగురిని విచారించి, అంగడివానికడ ఎంత బాకీ యున్నదో తెలిసికొని వచ్చెడివారు. ఈ విచారణ ఆ తీరుననే యుండును. కొన్ని కౌంటీలలో అసత్యశోధన యంత్రపు పరీక్షయు కలదు.

ఇందు నీవు మఱువరాని దొక్కటి. విచారణాధికారులు దోషమెఱుగని మనుష్యుని వెదకరు. చిన్ననాట చేసిన తప్పు, తీర్చిన అప్పు, పోగొట్టుకొన్న కొలువు, వీనిని ఉన్నదున్నట్లు చెప్పినవారిని క్షమించి తీసికొనుట కలదు; అదే సంగతిని దాచి దొరకిన వానిని తీసికొనుట లేదు. ఈ నియమము కఠినమని నీవు భావింపవచ్చును, కాని నాకు అది న్యాయముగ తోచుచున్నది. ఏలయన, రేపు నీవు న్యాయస్థానమున బోను ఎక్కి “నేను చూచితిని” అని ప్రమాణము చేసి పలికినపుడు, ఒక మనిషి స్వేచ్ఛ ఆ మాటపై నిలుచును. ఒక్కసారి అసత్యమాడినదని దస్త్రమున కెక్కిన డిప్యూటీ సాక్ష్యమును ప్రతిపక్ష న్యాయవాది సులభముగ త్రోసివేయును. మాట చెల్లని డిప్యూటీని కౌంటీ ఏమి చేసికొనును?

షరతుతో కూడిన ఉద్యోగవాగ్దానము దొరకిన పిమ్మటనే వైద్యపరీక్షయు, మానసిక పరీక్షయు జరుగును. మానసిక పరీక్ష చేయువారు కనీసము ఐదేండ్ల యనుభవముగల నిపుణులై యుండవలెనని చట్టము. వారు కోపము, తొందరపాటు, ఒత్తిడి నోర్చుకొను శక్తి మాత్రమే పరిశీలింపరు. జాతి, లింగ, జాతీయత, మత, వైకల్యాది విషయములలో అభ్యర్థికి పక్షపాతము కలదేమో అదియు చూడవలెనని ఇటీవలి చట్టము శాసించినది. అమ్మాయీ, మన యిండ్లలో కొందఱిని గూర్చి దొర్లెడి తేలికమాటలు నీవు విన్నావు, నేనును విన్నాను. అవి నీ మనసున ఎంతలోతుగ నాటుకొన్నవో ఒంటరిగ కూర్చుండి తరచి చూచుకొనుము. అర్ధరాత్రి వీధిలో ఒకని నాపి ప్రశ్నించునపుడు, పరిశీలనకు దొరకక లోపల మిగిలిన ఆ విషమే ముందుగ నోట పలుకును.

ఎంపికైనవారిని కౌంటీ జీతమిచ్చి శిక్షణాలయమునకు పంపును. సొంత వ్యయముతో కమ్యూనిటీ కళాశాలలలో చేరువారును కలరు. రాష్ట్రము నిర్ణయించిన కనీసము 664 గంటలు. పలుచోట్ల అంతకు మించియే, ఇంచుమించు ఆఱు నెలలు, శిక్షణ సాగును. శాసనములు, తుపాకి, వాహనచోదనము, ప్రథమచికిత్స, మతి చలించినవారితో మెలగు తీరు అన్నియు నేర్పుదురు. పిమ్మట గస్తీకి పోవువారు అనుభవజ్ఞుని ప్రక్కన కూర్చుండి కనీసము పది వారములు పని నేర్వవలెను. అయితే లాస్ ఏంజెలెస్ వంటి కౌంటీలలో క్రొత్త డిప్యూటీని ముందుగ పంపునది వీధికి కాదు, జైలునకు. అచట ఏండ్లు గడచిన గాని గస్తీకారు దొరకదు. పలువురు యువకులు దీనిని శిక్షగ తలంతురు, అది పొరపాటు. తుపాకి లేక, నాలుగు గోడల నడుమ, తనకంటె సంఖ్యలో పెక్కురగు ఖైదీలతో దినమంతయు మాటాడి నెగ్గుకొని రాగల్గినవారే వీధిలో కూడ చేయెత్తక పని చక్కబెట్టగలరు.

ఆ నేర్పు ఎట్లుండునో నేనొకసారి దగ్గఱగ చూచితిని. కొడుకునకు శిక్ష విధింపగనే ఒక తల్లి ఏడ్చుచు కటకటాలవైపు పరుగెత్తెను. బందోబస్తు నున్న డిప్యూటీ ఆమెకు అడ్డముగ నిలిచెను గాని, చేయి నడుముపట్టాకు పోనీయలేదు. రెండు అరచేతులను ఛాతికి దిగువగ తెఱచియుంచి, గొంతు తగ్గించి, “అమ్మా, కొడుకును ఎప్పుడు చూడవచ్చునో చెప్పెదను, కూర్చుండుము” అనెను. ఆమె కూర్చుండెను. ఆయన చెప్పినట్లే జైలు దర్శనవేళలు ఒక కాగితముపై వ్రాసి యిచ్చెను.

ఈ కొలువులోని ప్రమాదమును కూడ చెప్పవలెను. టెక్సస్‌లోని హ్యారిస్ కౌంటీలో సందీప్ ధాలివాల్ అను సిక్కు యువకు డుండెను. సహాయమునకై పిలిచిన ఒక సిక్కు కుటుంబమునే అచటి డిప్యూటీలు అనుమానించిన ఉదంతము తరువాత, తనవారికిని ఆ శాఖకును నడుమ నమ్మకము కుదుర్పవలెనని 2009లో ఆయన జైలు కొలువున చేరెను. 2015లో తలపాగాతోను గడ్డముతోను విధి నిర్వహించుటకు అనుమతి పొందెను. 2019 సెప్టెంబరులో ఒక కారు నాపి మాటాడి వెనుదిరిగినపుడు ఆయనను వెనుకనుండి ఒకడు కాల్చి చంపెను. ఈ ప్రమాదమును నీకు దాచుట నాకు ధర్మము కాదు. మీ నాన్నగారి భయము మూలము ఇదే. కనుక ఆయనతో వాదింపక, ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకును నెమ్మదిగ బదులు చెప్పుము.

21 ఏండ్లు నిండుటకు నీకింకను రెండేండ్ల వ్యవధి కలదు. ఒక పుస్తకము తీసికొని, నీవుండిన ప్రతి చిరునామాను, చేసిన ప్రతి కొలువును, పై అధికారుల పేర్లను, తేదీలను ఇప్పుడే వ్రాసిపెట్టుము. పత్రము చేతికి వచ్చిన నాడు జ్ఞాపకముపై ఆధారపడవలదు. క్రెడిట్ కార్డు బాకీని ఉంచుకొనకుము. షెరిఫ్ కార్యాలయమువారు యువజనులకు నడపు ఎక్స్‌ప్లోరర్ కార్యక్రమము మీ కౌంటీలో కలదేమో అడిగి చేరుము. గస్తీకారులో ఒక పూట వెంట తిరుగుటకు అనుమతి కోరుము. అది దొరకిన దినమున ఏమి చూచితివో నాకు సవిస్తరముగ వ్రాయుము.

ఆశీస్సులతో,
మీ మామయ్య