పాలడిన్ ప్రతిజ్ఞ: ఒక పరిశీలన

మన కళాశాలలో చదరంగానికీ, కారమ్స్‌కీ ఆటగాళ్ళ కొరత లేదు. కాని ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, కాగితం, పెన్సిలు, పాచికలతో కథను తామే నడుపుకుంటూ పోయే ఆట ఒకటుందని తెలిసినవారు కొద్దిమందే. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇందులో పాలడిన్ అనే పవిత్ర యోధుడి పాత్ర ఉంది. ఆ పాత్ర తీసుకున్నవారు ఒక ప్రతిజ్ఞను ఎంచుకోవాలి. ఏది ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో చర్చించదలిచాను. కొత్తగా ఆడబోయే జూనియర్ మిత్రులకు ఇది పనికొస్తుందని ఆశ. ఆడనివారికి కూడా, మాట ఇవ్వడం అంటే ఏమిటన్న విషయం మీద ఆలోచించడానికి నాలుగు ముక్కలు దొరకవచ్చు.

ఆట స్వరూపం

ఈ ఆటను గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా, 1974లో అది అచ్చయింది. ఆడేవారిలో ఒకరు డంజన్ మాస్టర్. మా హాస్టల్ గదిలో మేము ఆయనను ‘సూత్రధారి’ అంటాం. ఊళ్ళు, అడవులు, దొంగలు, రాక్షసులు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మిగతావారికి తలా ఒక పాత్ర. ‘నేను తలుపు తోస్తాను’, ‘నేను ఆ ముసలమ్మతో మాట్లాడతాను’ అని నోటితో చెప్పాలి. అవుతుందో కాదో అన్న సందేహం వచ్చినప్పుడు 20 ముఖాల పాచిక వేసి తేలుస్తారు. ఆఖర్న ఒకడు గెలిచి ఒకడు ఓడడం ఉండదు. అందరూ ఒకే జట్టు.

పాలడిన్ అన్న మాటకు మూలం రాజప్రాసాదానికి సంబంధించిన లాటిన్ పదం. ఫ్రెంచి వీరగాథలలో షార్లమేన్ చక్రవర్తి దగ్గరి యోధులను అలా పిలిచారు. ఆటలోని పాలడిన్ కత్తి పట్టగలడు, చేతితో తాకి గాయాలు మాన్పగలడు, చెడును ఎదిరించే దివ్యశక్తి కూడా ఉంటుంది. ఆ శక్తి అతనికి ఊరికే రాదు. ఒక మాటకు కట్టుబడి ఉండటం వల్ల వస్తుంది.

పాత నియమం, కొత్త నియమం

ఈ పాత్ర మొదట 1975లో వెలువడిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో కనిపించింది. అప్పట్లో పాలడిన్ కావడమే గగనం. పాత్రకు ‘కరిష్మా’, అంటే నలుగురినీ ఆకట్టుకునే శక్తి, కనీసం 17 ఉండాలి. మూడు మామూలు పాచికలు వేసి మొత్తం కూడితే ఆ అంకె వస్తుంది. మూడు పాచికలు 216 రకాలుగా పడవచ్చు. అందులో 17 వచ్చేవి 3, 18 వచ్చేది 1. అంటే 216లో 4, సగటున 54 మందిలో ఒక్కడు. పోనీ అయ్యాడనుకోండి, ధర్మం తప్పిన ఒక్క పని చేస్తే హోదా పోయేది, మళ్ళీ వచ్చేది కాదు.

1978 నాటి పుస్తకంలో ఇంకా కట్టడి పెంచారు. పాలడిన్ పది మాయా వస్తువులకు మించి దగ్గర ఉంచుకోరాదు. రాబడిలో పదో వంతు దానం చెయ్యాలి. ఇవన్నీ మంచి నియమాలే. కాని అందరు పాలడిన్లకూ ఒకే నియమావళి. ఎంచుకోవడానికి ఏమీ లేదు. మన ముందుతరం వాళ్ళు మనకు పెట్టిన కట్టుబాట్ల లాగానే, అది పుట్టుకతో వచ్చేది.

2008 నాటి నాలుగో కూర్పులో, తాను కొలిచే దేవుడి స్వభావం ఏదైతే పాలడిన్ స్వభావమూ అదే కావాలన్నారు. 2014లో వచ్చిన అయిదో కూర్పులో అసలు మార్పు జరిగింది. పాలడిన్ మూడో స్థాయికి చేరినప్పుడు తన ప్రతిజ్ఞను తానే ఎంచుకుంటాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొదటి రెండు స్థాయిలూ అతను ప్రతిజ్ఞ లేకుండానే తిరుగుతాడు. లోకాన్ని కాస్త చూసిన తరువాతే మాట ఇస్తాడు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

ఏమేమి ప్రతిజ్ఞలున్నాయి?

2014 పుస్తకంలో మూడు ఉన్నాయి.

మొదటిది డివోషన్, అంటే నిష్ఠ. అబద్ధమాడకపోవడం, భయపడకపోవడం, బలహీనులను కాపాడటం, మర్యాద తప్పకపోవడం, బాధ్యత వహించడం దీని సూత్రాలు. పాతకాలపు పాలడిన్‌కు ఇది దగ్గర.

రెండవది ఏన్షియంట్స్, అంటే ప్రాచీనుల ప్రతిజ్ఞ. లోకంలోని వెలుగును, నవ్వును, అందాన్ని, ప్రాణాన్ని నిలబెట్టడం దీని పని. తన మనసులోని సంతోషాన్ని చంపుకోకూడదన్నది కూడా ఇందులో ఒక నియమమే.

మూడవది వెంజన్స్, ప్రతీకారం. పెద్ద చెడును వెతికి పట్టి అంతం చెయ్యడం, దానివల్ల నష్టపోయినవారిని ఆదుకోవడం.

తరువాతి పుస్తకాలలో మరికొన్ని చేరాయి. 2015లో రాజ్యానికి, చట్టానికి కట్టుబడే క్రౌన్ వచ్చింది. 2017లో అణచి ఏలే కాంక్వెస్ట్, దానికి పూర్తి విరుద్ధంగా, దారి తప్పినవారిని మార్చాలనే రిడెంప్షన్ వచ్చాయి. 2020లో కీర్తి కోసం శ్రమించే గ్లోరీ, పరలోకపు ముప్పులను కనిపెట్టుకుని ఉండే వాచర్స్ చేరాయి. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో నిష్ఠ, ప్రాచీనులు, ప్రతీకారం, గ్లోరీ, ఈ నాలుగూ ఉన్నాయి.

అంకెలు ఎంతవరకు?

మేము సైన్సు విద్యార్థులం కనుక ముందు లెక్క మీదకే పోతాం. 2014 నియమాల ప్రకారం ప్రతీకార పాలడిన్ ఒక శత్రువును ఎంచుకుని, ఒక నిమిషం పాటు అతని మీద వేసే ప్రతి దెబ్బకూ రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. నిష్ఠా పాలడిన్ తన ఆయుధాన్ని ఒక నిమిషం పాటు పవిత్రం చేసి, పాచికలో పడిన అంకెకు తన కరిష్మా వల్ల వచ్చే అదనాన్ని కలుపుకోవచ్చు. ఆ అదనం 3 అనుకుందాం.

దెబ్బ తగలాలంటే 11 గాని అంతకు మించి గాని పడాలనుకోండి. మామూలుగా 50 శాతం అవకాశం. నిష్ఠతో 65, ప్రతీకారంతో 75. 15 పడవలసి వస్తే మామూలుగా 30, నిష్ఠతో 45, ప్రతీకారంతో 51. 5 పడితే చాలనుకుంటే మామూలుగా 80, నిష్ఠతో 95, ప్రతీకారంతో 96. రెండు పాచికల వల్ల వచ్చే లాభానికి ఒక చిన్న సూత్రం ఉంది. తగిలే అవకాశాన్ని, తప్పే అవకాశంతో గుణిస్తే ఎంత వస్తుందో అంతే లాభం. అందుకే సగం సగం ఉన్నప్పుడు అది అత్యధికం, 25 శాతం.

కనుక ప్రతీకారమే మేలని తేలుతుంది. కాని అది ఒక్క శత్రువు మీదే. అయిదుగురు మీద పడ్డప్పుడు నిష్ఠా పాలడిన్ ఆయుధం అయిదుగురి మీదా పనిచేస్తుంది. ఇలా కాస్సేపు కూర్చుంటే లెక్క తేలిపోతుంది. అయితే ఆ లెక్క నిమిషం సేపు జరిగే పోట్లాటకు మాత్రమే. పోట్లాట ముగిసిన తరువాత, బేరాలు, బందీలు, అబద్ధాలు, అప్పగింతలు ఉన్న మిగతా కథ అంతటా మన వెంట ఉండేది ప్రతిజ్ఞలోని సూత్రాలే. చాలామంది అంకెలు చూసి ఎంచుకుని, సూత్రాలను పుస్తకంలోనే వదిలేస్తారు.

వానాకాలపు నియమం, ఎండకాలపు నియమం

మాది వ్యవసాయ కుటుంబం. మా పంట కాలువ మీద నీళ్ళు వంతుల ప్రకారం పారతాయి. మా కింద ఇంకో ఆరు కమతాలున్నాయి. వానలు బాగా పడుతున్నప్పుడు వంతు పాటించడం గొప్ప కాదు. ఎవరు మడవ తీసినా, ఎవరు కట్టినా అడిగేవారుండరు. వరి పొట్టకొచ్చిన వేళ వాన మొహం చాటేస్తే, మన మడిలో నెర్రెలు కనిపిస్తూ ఉంటే, అప్పుడు ఉంటుంది. మన వంతు అయిపోయింది కనుక, నడిరాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళి మన చేతులతో మన మడవ మనమే కట్టి, నీళ్ళు కిందికి వదలాలి. మా నాన్న ఆ పని చెయ్యడం నేను చూశాను. ఎవరూ చూడని వేళ అది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పడుకున్నాడు.

ప్రతిజ్ఞ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. మనం ఆడబోయే కథలో ఈ ప్రతిజ్ఞకు ఎండకాలం వస్తుందా, రాదా? మా గదిలో ఒక మిత్రుడు ఎంతో ఇష్టంగా రిడెంప్షన్ తీసుకున్నాడు. హింస ఆఖరి మార్గం కావాలి, మనుషులు మారతారని నమ్మి ఓపిక పట్టాలి అన్నవి దాని సూత్రాలు. మాటలతో ఒప్పించడానికి పది నిమిషాల పాటు 5 అంకెల అదనం కూడా వస్తుంది. కాని ఆ సెలవుల్లో మేము ఆడిన కథ మొత్తం ఒక సమాధి లోపల, నడిచే అస్థిపంజరాలతో. వాటితో ఏం మాట్లాడతాడు? ఎవరిని మారుస్తాడు? అతని ప్రతిజ్ఞకు పనే లేకపోయింది. పొలం చూడకుండా విత్తనం కొన్నట్టయింది.

కనుక ముందుగా సూత్రధారిని అడగాలి: ‘అన్నా, ఈ కథలో మనుషులెక్కువా, భూతాలెక్కువా? రాజులున్నారా? బేరాలున్నాయా?’ కథ చెప్పమని కాదు, నేల ఎలాంటిదో చెప్పమని.

ఒక బందీ, నాలుగు ప్రతిజ్ఞలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి మీద పడి ఇళ్ళు తగలబెట్టిన ముఠాలో ఒక గాబ్లిన్ మన చేతికి చిక్కాడు. ‘వదిలేస్తానంటే మా నాయకుడి స్థావరం చెబుతా’ అంటున్నాడు. ఇల్లు కాలిపోయిన మనిషి పక్కనే నిలబడి వాడి తల అడుగుతున్నాడు.

నిష్ఠా పాలడిన్ వదులుతానని అంటే వదిలి తీరాలి. అందుకే మాట ఇచ్చే ముందే ఆలోచించాలి. క్రౌన్ తీసుకున్నవాడు బందీని ఊరి అధికారికి అప్పగిస్తాడు, అధికారి మంచివాడు కాకపోయినా సరే. రిడెంప్షన్ తీసుకున్నవాడు బందీకీ, బాధితుడికీ మధ్య నిలబడతాడు. ఇక ప్రతీకారం తీసుకున్నవాడు? వెంటనే తల నరుకుతాడని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. చిన్న చెడు, పెద్ద చెడు ఎదురైనప్పుడు పెద్దదాని వెంట పడమని అతని మొదటి సూత్రం. అతను గాబ్లిన్‌ను వదిలి నాయకుణ్ణి పట్టుకోవచ్చు. ఆ తరువాత కాలిన ఇంటిని కట్టించే పని కూడా అతని మీదే ఉంటుంది. నష్టపోయినవారిని ఆదుకోవడం అతని ఆఖరి సూత్రం మరి. ఈ సగం మరచిపోయినవాడు ప్రతీకార పాలడిన్ కాడు, కోపిష్టి మాత్రమే.

ఖరీదు ఎవరు కడుతున్నారు?

ప్రతిజ్ఞ అనగానే మనకు భీష్ముడు గుర్తుకొస్తాడు. ఆయన మాట తప్పలేదు, నిజమే. కాని ఆ మాట ఖరీదులో ఎక్కువ భాగం అంబ కట్టింది. ఆ ప్రతిజ్ఞ చేసింది ఆమె కాదు.

బల్ల దగ్గర కూడా ఈ ప్రమాదం ఉంది. ‘నా ప్రతిజ్ఞ ఒప్పుకోదు, కనుక నువ్వు దొంగతనం చెయ్యకూడదు, నువ్వు అబద్ధమాడకూడదు’ అంటూ పాలడిన్ ఆడేవాడు మిగతా ముగ్గురి ఆటనూ కట్టేస్తే, వచ్చే ఆదివారం ఆ ముగ్గురూ రారు. నలుగురం కలిస్తేనే ఆట. నిష్ఠా పాలడిన్ తాను అబద్ధమాడడు. పక్కవాడు ఆడుతున్నప్పుడు మౌనంగా ఉండవచ్చా, లేచి బయటికి పోవాలా, తరువాత నష్టం తన డబ్బుతో పూడ్చాలా అన్నది అతని చిక్కు. ఆ చిక్కు అతనే మోయాలి. అందుచేత ప్రతిజ్ఞ తీసుకునే ముందు తోటి ఆటగాళ్ళకు చదివి వినిపించడం మంచిది. ఎవరి పాత్రకు అది అడ్డమో ముందే తెలుస్తుంది.

ప్రతిజ్ఞ తప్పితే? 1975లో లాగా శాశ్వతంగా పోవడం ఇప్పుడు లేదు. ఉపవాసం, రాత్రంతా ప్రార్థన, తన మార్గంలోనే ఉన్న మరో పెద్ద దగ్గర తప్పు చెప్పుకోవడం వంటివి 2014 పుస్తకం సూచించింది. పశ్చాత్తాపమే లేనివాడి సంగతి సూత్రధారి చూసుకుంటాడు.

ముగింపు

కాబట్టి కొత్తవారు మూడు ప్రశ్నలు రాసుకుని, వాటికి జవాబులు తమ పాత్ర పత్రం వెనుక రాసి పెట్టుకోవాలని నా మనవి. ఈ కథలో నా ప్రతిజ్ఞకు పరీక్ష ఎక్కడ వస్తుంది? అప్పుడు నేను వదులుకోవలసింది ఏమిటి? ఆ ఖరీదు నేను కడతానా, నా పక్కవాడు కడతాడా? జవాబులు దొరికాక అంకెలు చూసుకోవచ్చు.

నా మట్టుకు నేను ఈ ఏడాది నిష్ఠ తీసుకున్నాను. మా సూత్రధారి నడిపిస్తున్నది ఒక రేవుపట్నం కథ. అడుగడుగునా వర్తకులు, సుంకాలు, ఒప్పందాలు. ఒక్క అబద్ధంతో పని అయిపోయే సందర్భం ప్రతి ఆదివారం రెండుసార్లయినా ఎదురవుతోంది. మా పాలడిన్ దగ్గర ఇప్పటికి గుర్రం లేదు, కవచం తాకట్టులో ఉంది. రేవులో కూలీలు మాత్రం తగాదా వస్తే తీర్పు చెప్పమని అతని దగ్గరికే వస్తున్నారు.